గ్రంథాలయం గోడ మీద అంబేద్కర్ ఏ రూపంలో ఉండాలి?

దేవరకొండ నుంచి:
మా ఊళ్ళో యువజన సంఘం గదిని గ్రంథాలయం చేశాం. ఎదురుగోడ మీద బాబాసాహెబ్ బొమ్మ వేయించాలి. ఏది వేయమంటారని పెయింటర్ అడిగేసరికి ఊరు రెండు పక్షాలైంది. పెద్దవాళ్ళేమో నీలం సూటు, చేతిలో రాజ్యాంగం, చాచిన వేలు అంటున్నారు. మేం నలుగురం, టేబుల్ ముందు కూర్చుని చదువుకుంటున్న బొమ్మ వేద్దామంటున్నాం. సూటు బొమ్మ ఇప్పటికే చౌరస్తాలో ఉంది, పంచాయతీ ఆఫీసులో ఉంది, బడిలో ఉంది. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహమూ సూటులోనే ఉంది. ఆయన గురించి మా పిల్లలను అడిగితే "రాజ్యాంగం రాసిండు" అని ఆగిపోతారు. కొలంబియా చదువు, రూపాయి మీద చేసిన పరిశోధన, 1927లో మహాడ్ చెరువు నీళ్ళ కోసం చేసిన పోరాటం ఒక్కరికీ తెలియవు. రోజూ అదే బొమ్మ చూసీ చూసీ, అసలు మనిషిని చూడటం మానేశామని నా బాధ. మీరేమంటారు?

అచ్చంపేట నుంచి, రిటైర్డ్ టీచర్:
తమ్ముడూ, నీ బాధ నిజమే. కానీ సూటును అంత తేలిగ్గా తీసేయకు. మా ఇంట్లో ఒక పటం ఉంది. మా నాయన కల్వకుర్తి అంగడిలో కొన్నాడు. నిలువెత్తు బొమ్మ, కింద నల్లబూట్లు. నాయనకు చదువు రాదు. చిన్నప్పుడు దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచిన మనిషి. "బాంచెన్" అననిదే దొర ముందు నోరు తెరవని కాలం. ఆ పటం గోడకు కొట్టిన రోజు నన్ను దగ్గరికి పిలిచి, ముఖం చూపించలేదు, రాజ్యాంగం చూపించలేదు. వేలు బూట్ల మీద పెట్టి "చూడు బిడ్డా" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. నువ్వు చెప్పే బొమ్మలో కాళ్ళు టేబుల్ కిందికి పోతాయి కదా!

సూర్యాపేట నుంచి, లా స్టూడెంట్:
సార్, మీ నాయన మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అయినా నేను దేవరకొండ అన్న పక్షమే. మా వాడలో బాబాసాహెబ్ పటానికి కుంకుమ పెడతారు, కొబ్బరికాయ కొడతారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజకీయాల్లో వ్యక్తిపూజ చివరికి నియంతృత్వానికి దారితీస్తుందని హెచ్చరించింది ఆయనే. దండల కింద ఆ మాట కనబడకుండా పోతోంది. ఇంకో సంగతి, మనం చూసే ఆయన పాత ఫొటోలు ఎక్కువగా నలుపు తెలుపువే. సూటుకు నీలం రంగు మనవాళ్ళు ప్రేమతో వేసుకున్నది. ఆ రంగు ఉద్యమం జెండాది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నప్పుడు ఆయన తెల్లబట్టల్లో ఉన్నారు. సుప్రీంకోర్టు ఆవరణలో 2023 నవంబర్ 26న పెట్టిన విగ్రహం వకీలు గౌనులో ఉంది. ఒక్క రూపమే ఆయన అనుకుంటే మిగతా జీవితం ఎక్కడికి పోవాలి? ఉస్మానియా యూనివర్సిటీ 1953లో ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చిందన్న ముచ్చట కూడా మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

అచ్చంపేట నుంచి, రిటైర్డ్ టీచర్:
కుంకుమ విషయంలో నీతో ఏకీభవిస్తున్నా చెల్లే. మా పటం అద్దం మీద కూడా ఉండేది, నేనే తుడిచేశాను. నాయన ఏమీ అనలేదు. కానీ జెండా రంగు సూటుకు వచ్చిందంటే అది తప్పెట్లయితది? ఆయన మా మనిషి అని జనం చెప్పుకున్న తీరు అది. చదువుకున్నవాళ్ళం మనకు పుస్తకం ముఖ్యం. మొన్నటిదాకా కాళ్ళకు చెప్పులు లేని వాళ్ళకు బూట్లు ముఖ్యం. గ్రంథాలయానికి వాళ్ళు కూడా రావాలి కదా.

దేవరకొండ నుంచి:
సార్, మీ పోస్టు నిన్న రాత్రి గ్రంథాలయంలో అందరికీ చదివి వినిపించాను. మా పెద్దమ్మ ఒకామె, మీటింగుల్లో ఎప్పుడూ మాట్లాడదు, లేచి "మా అయ్య కూడా చెప్పులు చేతబట్టుకునే పోయేటోడు" అంది. ఆ తర్వాత నాకు వాదించబుద్ధి కాలేదు. చాచిన వేలు అక్కర్లేదని ఇప్పటికీ అంటాను. చదువుతున్న బొమ్మ కావాలనీ అంటాను. కానీ టేబుల్ తీసేయమన్నాను. కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పుస్తకం, కాళ్ళు పూర్తిగా కనబడాలి. మీ ఇంటి పటం ఫొటో ఒకటి పెట్టండి సార్, బూట్ల దగ్గర స్పష్టంగా వచ్చేట్టు తీయండి. ఆదివారం పెయింటర్ వస్తున్నాడు.