కాస్టిక్ ట్యాంకర్ ఖాళీగా వచ్చేటప్పుడు ప్రమాద బోర్డులు ఉంచాలా, తీసేయాలా?

మాది రాయగడ. మా అన్నయ్యా నేనూ కలిసి ఒక ట్యాంకర్ తిప్పుతున్నాం. విశాఖ నుంచి సాలూరు, సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వైపు కాస్టిక్ సోడా లై, అంటే నీళ్లలో కలిపిన కాస్టిక్ సోడా, తోలుతాం. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 134వ రూలు చెప్పినట్టు రెండు పక్కలా, వెనకా ప్రమాద బోర్డు (ప్యానెల్) ఉంది. సరుకు పేరు 50 మిల్లీమీటర్ల అక్షరాల్లో, ప్రమాదకర సరుకును గుర్తుపట్టే యూఎన్ నంబరు 1824 అంకెలు 100 మిల్లీమీటర్ల ఎత్తులో, 8వ తరగతి (తాకితే తినేసే సరుకుల) గుర్తు 250 మిల్లీమీటర్ల చదరంలో రాయించాం. ఫోన్ నంబర్లూ ఉన్నాయి. లోడుతో వెళ్లేటప్పుడు పేచీ లేదు.

టెన్షనంతా తిరుగు ప్రయాణంలోనే. ఒకచోట ఆపి, "సరుకు లేదుగా, బోర్డు దేనికి?" అంటారు. సరేనని గుడ్డ కప్పితే ఇంకోచోట "ఎందుకు కప్పావ్?" అని చలానా పుస్తకం తీస్తారు. కడగని ట్యాంకులో అడుగున లై మిగిలే ఉంటుంది, ఒంటి మీద పడితే చర్మం కాలిపోతుంది. కాబట్టి కడిగేదాకా బోర్డు ఉండాలనే నా లెక్క. కానీ రోడ్డు మీద నా లెక్క ఎవరు వింటారు!

ఖాళీ ట్యాంకర్ల గురించి ఏ రూలు, ఏ సర్క్యులర్ చూపిస్తే ఒప్పుకుంటారో ఈ లైన్లో ఉన్న అన్నలు చెప్పండి. ఇంకోటి, మా బోర్డు ఇంగ్లీషు, తెలుగులో ఉంది. ఘాట్ దాటాక ఒడియాలో కూడా ఉండాలంటున్నారు. అది రూలా, లేక మామూలు కోసం చెప్పే మాటా? వచ్చే వారం పెయింటర్‌ని పిలుస్తున్నాం, ఆలోపు చెబితే మేలు.