‘ఆతిథ్య గెలాక్సీ’ అనవచ్చునా?

ప్రశ్న: గామా కిరణ విస్ఫోటం (సుదూర అంతరిక్షంలో కొద్దిసేపు వెలువడే అతితీవ్రమైన గామా కిరణాల మెరుపు) ఏ గెలాక్సీలో సంభవించిందో దానిని కొందరు ‘ఆతిథ్య గెలాక్సీ’ అనీ, మరికొందరు ‘ఆతిథేయ గెలాక్సీ’ అనీ రాస్తున్నారు. వీటిలో ఏది సాధువు?

సమాధానం: ఆతిథ్యం మర్యాద పేరు, ఆతిథేయి ఆ మర్యాద చేసేవాడు; కాబట్టి వ్యాకరణరీత్యా రెండవదే మేలు. నా అభ్యంతరం అసలు ఆ భావం మీదనే. తిథి చూసుకోకుండా బయటినుంచి వచ్చేవాడు అతిథి. పరాన్నజీవికి చోటిచ్చిన ప్రాణిని జీవశాస్త్రంలో ఆతిథేయి అనడం అందుకే అతికింది. విస్ఫోటం మన ఉపగ్రహాలకు అతిథే కావచ్చు, చెప్పకుండా వస్తుంది గనుక. గెలాక్సీకి మాత్రం కాదు. రెండు సెకన్లకు మించి సాగే దీర్ఘ విస్ఫోటాలలో అత్యధికం, సూర్యునికంటే ఎన్నో రెట్లు బరువైన నక్షత్రం కుప్పకూలినప్పుడు వెలువడేవి. అటువంటి నక్షత్రపు ఆయుష్షు కొన్ని పదుల లక్షల సంవత్సరాలే కనుక, పుట్టిన మేఘాన్ని విడిచి ఎంతో దూరం పోకముందే అది ముగిసిపోతుంది. ఈ విస్ఫోటాలు కొత్త నక్షత్రాలు చురుకుగా పుడుతున్న చిన్న నీలి గెలాక్సీలలో, అందులోనూ మిక్కిలి ప్రకాశించే భాగాలలో తరచుగా కనబడడానికి కారణం అదే. 1998 ఏప్రిల్ 25 నాటి విస్ఫోటం వచ్చిన చోటనే ఒక సూపర్నోవా, అంటే నక్షత్రం పేలిన వెలుగు, కనిపించడంతో ఈ సంబంధానికి గట్టి ఆధారం దొరికింది. అందువల్ల ‘మాతృ గెలాక్సీ’ అనడమే ఉచితమని నాకు తోస్తుంది.

ఆక్షేపణ: మరి రెండు సెకన్లలోపే ముగిసే హ్రస్వ విస్ఫోటాల సంగతేమిటి? జంట న్యూట్రాన్ తారలు (భారీ నక్షత్రాలు కూలగా మిగిలిన అతిసాంద్రమైన శేషాలు) పుట్టుకలో తగిలిన విసురుకు గెలాక్సీ నడుమనుంచి జరిగిపోయి, కోట్ల ఏళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి, ఎక్కడో ఢీకొంటాయి. 2017 ఆగస్టు 17న గురుత్వ తరంగాలు (అటువంటి ఢీవల్ల దేశకాలంలో పుట్టే అలలు) అందిన సుమారు 1.7 సెకన్లకు కనబడిన విస్ఫోటం, దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీకి చెందినది. ఆ గెలాక్సీ గతంలో మరొక గెలాక్సీని తనలో కలుపుకున్న ఆనవాళ్లు ఉన్నాయి. ఆ తారల జంట అలా కలిసిపోయిన గెలాక్సీలోనే పుట్టి ఉంటే, ఎన్‌జీసీ 4993 పెంపుడు తల్లే అవుతుంది గదా?

ప్రత్యుత్తరం: ఆక్షేపణ సమంజసమే. పుట్టుక గురించి ఏమీ తేల్చకుండా, ఉన్న చోటును మాత్రమే చెప్పే ‘ఆశ్రయ గెలాక్సీ’ హ్రస్వ విస్ఫోటాలకు నప్పుతుంది. దీర్ఘ విస్ఫోటాల విషయంలో ‘మాతృ’ను వదులుకోవలసిన అవసరం లేదు. అయితే 2021 డిసెంబరు 11 నాటి విస్ఫోటం సుమారు 50 సెకన్లు సాగి కూడా, తారలు ఢీకొన్నప్పుడు కనిపించే కిలోనోవా వెలుగునే చూపింది. కాబట్టి ఏ మాట వాడాలో వ్యవధినిబట్టి కాక, విస్ఫోటానికి మూలమేదో చూసి నిర్ణయించుకోవాలి.