డప్పు లూప్ చేస్తుంటే స్పీకర్ మోత కూడా ఎక్కేస్తోంది, ఏం చేయాలి?

మాది అమలాపురం దగ్గర పల్లె. గరగలకు (అమ్మవారి జాతరలో గరగలు తలకెత్తుకుని ఆడే ఆటకు) డప్పు వాయించే మా బాబాయితో కలిసి చిన్న ప్రయోగం చేస్తున్నాను. నా దగ్గర అకాయ్ ఎంపీసీ లైవ్ 2 (శబ్దాలు రికార్డు చేసుకుని, ప్యాడ్‌లు అనే మీటలు నొక్కి వాయించే పెట్టె) ఉంది. ల్యాప్‌టాప్ అక్కర్లేదు, బ్యాటరీ లోపలే ఉంటుంది కాబట్టి కొబ్బరితోటలో కూర్చున్నా పనైపోతుంది. మైకుతో డప్పు దరువును లూపర్‌లోకి (రికార్డు చేసిన ముక్కను తిప్పి తిప్పి వినిపించేది) ఎక్కించి, ఓవర్‌డబ్‌లో (పాతదాని మీదే కొత్త పొర రికార్డు చేస్తూ) హార్మోనియం, ఆపైన నా గొంతు వేస్తాను.

హెడ్‌ఫోన్స్‌తో బ్రహ్మాండంగా ఉంది. స్టేజీ మీదే తంటా. కొత్త పొర వేసిన ప్రతిసారీ స్పీకర్లోంచి వచ్చే పాత లూప్ కూడా మైకులోకి దూరుతోంది. స్పీకర్ పది అడుగుల దూరంలో ఉంటే శబ్దం మైకును చేరడానికే దాదాపు 9 మిల్లీసెకన్లు. అంటే పాత దెబ్బే కాస్త ఆలస్యంగా మళ్లీ రికార్డవుతోంది, అందుకే డప్పు దెబ్బలో పదును పోతోందేమో. గొంతు వేసేసరికి అంతా బురద బురద.

రెండోది, బాబాయి చెవిలో తాళం చూపే క్లిక్ పెట్టుకోడు. "ఆ టిక్కుటిక్కు చెవిలో ఉంటే చెయ్యి ఆడదురా" అంటాడు. ట్యాప్ టెంపోతో (ఆయన దరువుకు తగ్గట్టు బటన్ తట్టి వేగం సెట్ చేసి) పట్టుకుంటున్నాను గానీ, దరువు ముదిరేకొద్దీ ఆయన వేగం పెంచేస్తాడు. (పెంచకపోతే గరగ ఎత్తినవాళ్లు ఊరుకోరు, అది వేరే సంగతి.) ఏడు మాత్రల నడకకు 7/8 తాళం కొలత పెట్టాను, అక్కడ ఇబ్బంది లేదు.

డప్పుకి కాంటాక్ట్ మైకు (వాయిద్యానికే అతికి దాని కంపనాన్ని పట్టేది) అంటిద్దామంటే, మంట దగ్గర కాచినప్పుడల్లా ఊడదీయాలి. ఓవర్‌డబ్ మానేసి ఒక్కో పొరనూ వేరే ప్యాడ్‌కి పంపేస్తే నయమా? స్టేజీ మీద చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, మీ మైకు ఏది, స్పీకర్లు ఎటు తిప్పుతారు, వేగం మారితే లూప్‌ని ఏం చేస్తారు, కాస్త చెప్పండి. కనుమ ప్రభల తీర్థం లోపు తేల్చుకోవాలి.