సర్‌లాయిన్‌లో ఆ ‘సర్’ ఎవరు?

పదాలపిచ్చి: వాల్టర్ స్కాట్ నవల ‘ఐవన్‌హో’ మొదటి అధ్యాయంలో విదూషకుడు వాంబా పందుల కాపరితో అనే మాట నాలుక చివర ఆడుతోంది. జంతువుకి మేపేటప్పుడు సాక్సన్ పేరు, అంటే కాపర్ల పాత ఇంగ్లీషు పేరు; తినేటప్పుడు నార్మన్ పేరు, అంటే గెలిచి వచ్చిన దొరల ఫ్రెంచి పేరు అని. పందినా, ఎద్దునా అన్నది? గొర్రె కూడా ఉందా? అసలా వాదన నిలుస్తుందా?

నానార్థం: గొర్రె లేదండీ. పంది–పోర్క్‌తో ఎత్తుకుని ఎద్దు–బీఫ్ మీదుగా దూడ–వీల్ దగ్గర ఆగుతాడు. మీరనే వాక్యం దూడది. స్కాట్ 1819లో రాశాడు గానీ, జాన్ వాలిస్ 1653లోనే లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఈ జంటల్ని గుర్తించాడు.

గోదారిగట్టు: వాదన నిలవదు. నార్మన్లు దిగింది 1066లో. బీఫ్, మటన్, పోర్క్ ఇంగ్లీషు రాతల్లో కనబడేది 1300 ప్రాంతంలో. అప్పటికీ అవి మాంసానికే కట్టుబడి లేవు. షేక్స్పియర్ ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ 1వ అంకం 3వ రంగంలో షైలాక్ ‘ఫ్లెష్ ఆఫ్ మటన్స్, బీఫ్స్, ఆర్ గోట్స్’ అంటాడు. మటన్ అంటేనే మాంసమైతే ముందు మళ్ళీ ‘ఫ్లెష్’ ఎందుకు?

పాతపుస్తకం: ఛందస్సు కోసం! ‘మటన్స్’ రెండక్షరాలు, ‘షీప్’ ఒకటి. పాదం కుంటుతుంది.

గోదారిగట్టు: ‘యాజ్ ఫ్లెష్ ఆఫ్ షీప్, ఆఫ్ ఆక్సెన్, ఆర్ ఆఫ్ గోట్స్’. లెక్కపెట్టుకోండి, పది అక్షరాలు. అసలు పాదం చివర ఉన్న ‘ఐ సే’ని కింది పాదంలోకి తోయాలి, అంతే. ఆయనకి అవసరం లేక వాడలేదు.

పాతపుస్తకం: షేక్స్పియర్‌కి పాదపూరణ నేర్పేవాళ్ళం అయిపోయాం. కానివ్వండి.

నానార్థం: జంతువుల పేర్ల కన్నా ముక్కల పేర్లు చూడండి, అసలు కలగూరగంప అక్కడుంది. స్టేక్ పాత స్కాండినేవియా భాష నార్స్‌లోని ‘స్టెయిక్’, చువ్వకు గుచ్చి కాల్చింది. హామ్ పాత ఇంగ్లీషుది, మొదట మోకాలి వెనక మడత అని అర్థం; మోకాలి వెనక నరం హామ్‌స్ట్రింగ్‌లో అదే మిగిలింది. కాలి ముక్క షాంక్ కూడా ఇంగ్లీషు సొంతమే. నడుం మాంసం లాయిన్, అందులోని ముక్క సర్‌లాయిన్ ఫ్రెంచివి. దొరలూ కాపర్లూ అని రెండు గదులు చేస్తే ఈ పేర్లు ఎందులోనూ ఇమడవు.

పదాలపిచ్చి: సర్‌లాయిన్‌కి రాజుగారు ‘సర్’ బిరుదు ఇచ్చారంటారుగా?

పాతపుస్తకం: శామ్యూల్ జాన్సన్ 1755 ఇంగ్లీషు నిఘంటువులోనే ‘సర్’ కింద ఉంది, మన రాజొకడు సరదా పుట్టి బిరుదిచ్చాడని.

గోదారిగట్టు: ఏ రాజు? ఒకరు ఎనిమిదో హెన్రీ అంటారు, ఒకరు మొదటి జేమ్స్, ఇంకొకరు రెండో చార్లెస్. ముగ్గురు రాజులకి ఒకే జోకు పుట్టిందా? అది ఫ్రెంచి ‘సుర్’, అంటే పైన. లాయిన్ పైభాగం. 16వ శతాబ్దపు రాతల్లో ‘సుర్‌లాయిన్’ అనే ఉంది.

పాతపుస్తకం: రెండు సర్‌లాయిన్లు వెన్ను దగ్గర విడదీయకుండా ఉంచితే ‘బ్యారన్’ అంటారు. అదీ ‘సుర్’ నుంచేనా?

నానార్థం: అది ‘సర్’ తర్వాత పుట్టిన చమత్కారం కావచ్చు, మన వాదానికి సాక్ష్యం కాదు. కాస్త పనికొచ్చే సంగతి చెప్తాను: బ్రిటన్‌లో సర్‌లాయిన్ అంటే పక్కటెముకలు అయ్యాక వచ్చే నడుము భాగం, అమెరికాలో దాని వెనక తుంటి. బ్రిటిష్ వాడి ‘రంప్’ దాదాపు అమెరికా వాడి సర్‌లాయిన్. లండన్ వంటపుస్తకం చూసి డాలస్‌లో సర్‌లాయిన్ కొని పెద్ద మంట మీద గబగబా కాలిస్తే గట్టిపడుతుంది. ఆ కండ నడకలో బాగా పనిచేసింది, కొవ్వూ తక్కువ. అక్కడ ‘స్ట్రిప్’ అని అడగాలి.

పదాలపిచ్చి: లాయిన్ మూలం లాటిన్ ‘లుంబుస్’ కదా, నడుం నొప్పి లంబేగోలో ఉన్నదే?

గోదారిగట్టు: అదే. జింక లోపలి మాంసానికి ‘నంబుల్స్’ అనే పేరు కూడా అక్కడిదే. ‘ఎ నంబుల్’ని ‘యాన్ అంబుల్’ అని విడగొట్టి నకారం పోగొట్టుకున్నారు. తలవంచి తప్పొప్పుకోవడాన్ని ‘హంబుల్ పై’ తినడం అనేది ఆ ‘అంబుల్’ మీది శ్లేషే.

పాతపుస్తకం: జింక అన్నారు గనక: వెనిసన్ లాటిన్‌లో వేటాడటం నుంచి వచ్చింది. మొదట వేటలో దొరికిన ఏ మాంసమైనా వెనిసనే, తర్వాత జింకకే మిగిలింది. మన ‘వేట మాంసం’ అలాగే మేకకి మిగలలేదూ?

గోదారిగట్టు: మేకని ఎవరు వేటాడతారండీ? అది ‘వేటు’ నుంచి. అమ్మవారి జాతరలో వేట వేయడం అంటే ఏమిటనుకున్నారు?

నానార్థం: ‘వేటు’లోని ఉకారం ‘వేట’లో అకారం ఎలా అయిందో ముందు చెప్పండి.