సమస్యాపూరణం: "గళము మీటఁ దీగ గాన మొలికె"

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది. సమస్య పైనే ఉంది, మీ పద్యానికి చివరి పాదం అదే కావాలి. విషయం కూడా నేనే ఇస్తున్నాను: అమెరికన్ గిటారిస్టు, గాయకుడు జార్జ్ బెన్సన్ 1976లో వెలువరించిన ‘బ్రీజిన్’ (చిరుగాలిలా సాగడం) ఆల్బం. జాజ్ గిటారు, సోల్ శైలి గానం, క్లాజ్ ఓగర్మన్ కూర్చిన వాద్యబృందపు తంత్రులు కలిసిన పని. నిర్మాత టామీ లిపూమా. మీటవలసినది తీగ, పాడవలసినది గొంతు. సమస్యలో అవి తారుమారయ్యాయి. ఎందుకో చెప్పాలి. పొగడ్తతో సరిపెట్టకండి.

తీగమల్లె:
జార్జి బెన్సనేమొ జాజు రాగము పాడ
వేలి వెంట గొంతు వెళ్లె జతగ
లేక యెట్టి సందు లీనమై యొకటౌచు
గళము మీటఁ దీగ గాన మొలికె.

పాతరికార్డు: యతులు, గణాలు సరిపోయాయి. ‘ఏమొ’ మాత్రం పాదం నింపడానికే వచ్చింది. జాజుకు రాగం అంటగట్టడమూ నాకు రుచించలేదు. "పిట్సుబర్గువాఁడు బెన్సను పాడంగ" అంటే ఆయన పుట్టిన ఊరూ దొరుకుతుంది, ప-బ యతీ చెల్లుతుంది. ఇంకొకటి, అసలైనది. గొంతు వేలి వెంట వెళ్ళదు. వేలు ఏ స్వరాన్ని తాకితే అదే క్షణంలో అదే స్వరాన్ని పెదవులు అర్థం లేని అక్షరాలతో పలుకుతాయి. మన గాయక వైణికులు సాహిత్యం పాడుతూ మీటుతారు; ఇక్కడ ఆ పలుకులకు సాహిత్యమే లేదు. వెనకాముందులు లేవు కనుక "వేలు గొంతు రెండు వెళ్లె జతగ" అనండి.

తీగమల్లె: రెండూ తీసుకుంటున్నానండీ. రెండో సవరణతో పద్యానికి ప్రాణం వచ్చింది.

శ్రోత:
ఆరు పాటలందు నక్షర మొకటికే
మిగిలినట్టి వైదు మీటు పలుకె
ఒక్క మాస్కరేడు కూఁగెను లోకమ్ము
గళము మీటఁ దీగ గాన మొలికె.

నిర్వాహకుడు: లెక్క నిజం. ఆరింటిలో మాటలున్నది లియోన్ రసెల్ రాసిన ‘దిస్ మాస్కరేడ్’ ఒక్కటే, ఎనిమిది నిమిషాల పాట. కానీ శ్రోత గారూ, మొదటి మూడు పాదాలు సమాచారం చెప్పి ఊరుకున్నాయి. నాలుగోది వాటితో ముడిపడలేదు.

శ్రోత: లోకం ఎందుకు ఊగిందో నాలుగో పాదం చెబుతోంది కదా! ఆ పాట మొదలయ్యేదే గొంతు, గిటారు కలిసి పలికే స్వరాలతో. కార్యం ముందు చెప్పి కారణం తర్వాత చెప్పకూడదని నియమం ఉందా?

నిర్వాహకుడు: లేదు. అయితే ‘ఏలనన’ లాంటి పదం ఒకటి పడాలి. పాఠకుడు ఊహించుకోవలసి వస్తే పూరణ సగమే అయినట్టు.

కొత్తకలం:
బ్రీజినన్న గాలి వీచె డెబ్బదియారు
మూఁడు జాబితాల ముందు నిలిచె
గ్రామి వచ్చి చేరెఁ, గారణ మేమన్న
గళము మీటఁ దీగ గాన మొలికె.

పాతరికార్డు: నిర్వాహకులు అడిగిన ముడి ఇదిగో, ‘కారణ మేమన్న’! పాప్, సోల్, జాజ్ అమ్మకాల జాబితాలు మూడింటిలోనూ ఆ ఆల్బం మొదటి స్థానానికి చేరింది. మాస్కరేడ్ ఆ యేటి ఉత్తమ రికార్డుగా అమెరికా సంగీత పురస్కారం గ్రామీ తెచ్చుకుంది. బ-వ అభేద యతి నాకు సమ్మతమే. ‘డెబ్బదియారు’కు మాత్రం విభక్తి ఎగిరిపోయింది. "వీచఁగా నా యేఁట" అంటే గణమూ యతీ నిలుస్తాయి. నాకున్న అసంతృప్తి వేరు: బిరుదులు లెక్కపెట్టే పద్యం ఏ విజేతకైనా సరిపోతుంది. శీర్షిక గీతం గాయకుడు బాబీ వోమాక్ కట్టినదని, గిటారిస్టు గాబోర్ సాబో 1971లోనే దాన్ని వాయించాడని తెలిస్తే, ఆ గాలి ముందే వీచిందని ‘వీచె’కు ఇంకో మెలిక దొరికేది.

పాతరికార్డు: నా వంతు:
కనులు మూసి వినఁగఁ గనరాదు తేడయే
ఎవరు పాడినారొ యెఱుఁగ వశమె
అతఁడు బెన్సనైన నబ్బురం బేమింక
గళము మీటఁ దీగ గాన మొలికె.

తీగమల్లె: కళ్ళు మూసుకున్నవారికి ‘కనరాదు’ అనడం బాగుంది, నవ్వు వచ్చింది. ‘తేడా’ను కుదించి ‘తేడయే’ అనడం ఎందుకండీ? ‘భేదమే’ అంటే అదే గణం.

పాతరికార్డు: సరే, ‘భేదమే’ వేసుకోండి.