‘అడోలసెన్స్’ మూడో ఎపిసోడ్ చూసినోళ్ళున్నారా? మన గుంటలూ ఇలాగే ఉంటారా?

జీడిపిక్క (పలాస)
2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, నేను ఇప్పుడు చూసేను. నాలుగే ఎపిసోడ్లు, ఒక్కోటీ మధ్యలో కట్ లేకుండా ఒకే షాట్. పదమూడేళ్ళ జేమీ తన స్కూలు పిల్లనే పొడిచి చంపేడని పోలీసులు పొద్దున్నే తలుపు బద్దలుకొట్టి పట్టుకుపోతారు. వాడే చేసేడని మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోద్ది. ఎందుకు చేసేడన్నదే మిగతా కథ. మూడోదానిలో వాడూ, సైకాలజిస్టూ ఒక గదిలో కూర్చుని మాటాడుకోడమే.
నాకు మా అక్క కొడుకు కనిపించేడు. తొమ్మిదో క్లాసు. ఏటైందిరా అంటే ‘ఏటీ లేదు’. మళ్ళీ అడిగితే కంచం తోసేసి లేచిపోతాడు.

బొబ్బిలి టీచరు
నేను రెండుసార్లు చూశాను. ఆవిడ అడిగే వరస గమనించారా? వేడి చాక్లెట్ తెచ్చి ముందు పెడుతుంది. తాతయ్య ఎలాంటివాడు, నాన్న ఎలాంటివాడు, మగాడంటే ఏమిటి అని అడుగుతుంది. ‘ఎందుకు చంపావు’ అని సూటిగా మొదలుపెట్టదు. వాడు అరుస్తాడు, కప్పు విసిరికొడతాడు. ఆవిడ బయటికెళ్ళి ఊపిరి పీల్చుకుని మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.
నాకు బాగా పట్టుకున్నది ఫుట్‌బాల్ ముక్క. తను సరిగ్గా ఆడలేకపోతే నాన్న మొహం తిప్పుకున్నాడని చెప్తాడు. ఇంకోచోట నేను అందంగా ఉండనంటాడు. పిల్లాడి లోపలున్నది సిగ్గు, మనకి కనిపించేది కోపం. స్టాఫ్‌రూంలో దానికే ‘పొగరు’ అని పేరు పెట్టేస్తాం. మా బళ్ళో మార్కులు అందరిముందూ గట్టిగా చదివిన రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గరే కొట్లాటలు అవుతాయి. దానికీ దీనికీ ముడి ఉందని మా వాళ్ళు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

రాజాం రైసుమిల్లు
అదంతా తెల్లోళ్ళ గొడవండీ. చిన్నప్పుడే రెండు తగిలిస్తే ఇంతదాకా రాదు. మా నాన్న చింతబరికె తీస్తే మేం నోరెత్తేవాళ్ళం కాదు.

జీడిపిక్క (పలాస)
బావూ, నాలుగోది చూడలేదు మీరు. ఆ తండ్రి కూడా వాళ్ళ నాన్న చేతిలో బెల్టు దెబ్బలు తిన్నోడే. నా పిల్లల్ని మాత్రం కొట్టనని ఒట్టు పెట్టుకుని, అలాగే ఉన్నాడు. అయినా ఇలాగైంది. కొట్టినందుకో కొట్టనందుకో అని తేల్చడానికి ఆ కథ చోటివ్వదు. నాకు నచ్చింది అదే.

కవిటి కొబ్బరితోట
మా తమ్ముడు గుజరాత్ వేరావల్‌లో బోటు మీద పనికెళ్తాడు. గుంటడు మా అమ్మ దగ్గరుంటాడు. ‘బయట తిరగడమ్మా, గదిలోనే ఉంటాడు, మంచోడు’ అంటాది ముసల్ది. సిరీస్‌లో ఆ మొగుడూ పెళ్ళాలూ కూడా అచ్చం అదే మాట అనుకుంటారు, గదిలో ఉన్నాడు కదా, ఏ భయమూ లేదని.
రెండో ఎపిసోడ్‌లో డిటెక్టివ్‌కి ఎమోజీల అర్థం వాడి కొడుకే చెప్పాలి. మావాడి క్లాసు ఇన్‌స్టా గ్రూపులో కూడా పేరెట్టకుండా ఒక్క బొమ్మ పెడతారంట, ఎవర్ని అన్నారో అందరికీ తెలుసంట. నాకు చూపిస్తే ఏటీ అర్థం కాలేదు.

కోట జంక్షన్ (విజయనగరం)
నాకిద్దరూ ఆడపిల్లలు. చచ్చిపోయిన కేటీ గురించి మీరెవరూ ఒక్క మాట అనలేదు. సిరీస్‌లో ఆ లేడీ పోలీసే అంటుంది, అందరికీ జేమీ గుర్తుంటాడు, ఆ పిల్ల ఎవరికీ గుర్తుండదని. ఈ చర్చలో కూడా అదే జరుగుతోంది.

బొబ్బిలి టీచరు
నిజమే.

ఎమ్మెస్సీ సైకాలజీ, విజయనగరం
కొంచెం జాగ్రత్త. ఇది చూసి ఇంట్లో కుర్రాడికి జబ్బు పేరు పెట్టకండి. ఆవేశాన్ని ఆపుకునే మెదడు భాగం ఇరవై దాటి పాతికేళ్ళ వరకూ ఎదుగుతూనే ఉంటుంది. అరిచే పిల్లల్లో చాలామంది ఎవరినీ ఏమీ చెయ్యరు. డ్రామాలు హద్దు దాటడమూ ఉంది: 2017లో వచ్చిన ‘థర్టీన్ రీజన్స్ వై’లో ఆత్మహత్య సీను మీద నిపుణులు గొడవ చేశాక 2019లో నెట్‌ఫ్లిక్స్ ఆ సీను తీసేసింది.
కోపం కంటే నేను ముందు చూసేవి వేరే. నిద్ర తారుమారవ్వడం, ఇష్టమైన ఆట మానెయ్యడం, చేతుల మీద గాట్లు, చచ్చిపోతానన్న మాట. ఆ మాట వేళాకోళంగా అన్నా వదలొద్దు. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు.

రాజాం రైసుమిల్లు
నంబరు రాసుకున్నాను. బరికె సంగతి తర్వాత మాటాడుకుందాం.

కవిటి కొబ్బరితోట
గుంటడితో కలిసి చూడొచ్చా?

ఎమ్మెస్సీ సైకాలజీ, విజయనగరం
ముందు మీరొక్కరే పూర్తిగా చూడండి. పదమూడేళ్ళవాడికి బరువే. చూపించినా ‘నువ్వూ ఇలాగేనా’ అని మాత్రం అడక్కండి. జేమీ గురించే అడగండి, తన గురించి చెప్పాలనుంటే వాడే చెప్తాడు.

జీడిపిక్క (పలాస)
మా అక్కకి ముందు రెండోది చూపిస్తాను. సబ్‌టైటిల్స్ బేగి పోతన్నాయి, ఆపుకుంటూ చూడాలి.