ఉత్తర చూసి ఎత్తర గంప: "చూసి" అంటే ఎప్పుడు?

అమలాపురం: గురువుగార్లూ, "ఉత్తర చూసి ఎత్తర గంప" తర్వాత ముక్క నోటిదాకా వచ్చి ఆగిపోతోందండి. మా కుర్రోళ్ళు అసెట్టో కోర్సా కాంపిటీజియోనే అనే కారు రేసుల గేములో రేసులు పెట్టుకుంటుంటే నేను తెలుగులో కామెంటరీ చెప్తున్నా, వాన మొదలయ్యాక టైర్లు మార్చుకోడానికి పిట్‌లోకి ఎప్పుడు రావాలో చెప్పే చోట ఇది వాడాలని ఉంది. అందులో జీటీ3 తరగతి కార్లకి కొద్దిపాటి తడికి వేసే ఇంటర్ టైరు లేదు, అయితే పొడి రోడ్డుకి వేసే నున్నటి స్లిక్, లేకపోతే వానకి వేసే వెట్, అంతే.

తణుకు: "విశాఖ చూసి విడవర కొంప." ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరొదిలెయ్యమని. అక్కడ వాన లేక ఊరొదిలి పోవడం, మీకు వాన వచ్చి పిట్‌కి పోవడం, పొసగదేమోనండి.

రాజోలు: పొసుగుతుంది. అసలు పేచీ "చూసి" దగ్గర. కార్తె రాగానే చూసా, ఆ పదమూడు పద్నాలుగు రోజులూ ఆగి చూసా? అది క్త్వార్థకం, అంటే ముందు అయిపోయిన పనిని చెప్పే క్రియ, కాబట్టి చూడ్డం పూర్తవ్వాలి, ఆగి చూసే అంటాన్నేను. రేసులోనూ అంతే, తొలి చినుక్కే వెట్ వేసి అది కాస్తా ఆగిపోయిందనుకోండి, ఆరిన రోడ్డు మీద ఆ మెత్తటి రబ్బరు కాగిపోద్ది, ఇక తడి ఎక్కడుందా అని పక్కలకి వెతుక్కుంటూ తోలాలి.

తణుకు: క్త్వార్థకానికి పద్నాలుగు రోజులు అక్కర్లేదండి. "పామును చూసి పరిగెత్తాడు" అంటాం, ఎంతసేపు చూశాడు? స్లిక్‌కి గాళ్ళు ఉండవు, నీళ్ళు పోయే దారి లేక కారు తేలిపోద్ది. ఫార్ములా వన్ కారు వెట్ టైరు 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 85 లీటర్లు చిమ్ముతుందని టైర్ల కంపెనీ పిరెల్లీ లెక్క, ఇంటర్ అయితే 30. ఆగి చూసేవాడు గోడలో ఉంటాడు.

మండపేట: ఇది మెట్ట సామెతండీ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట అయ్యాక మన డెల్టాలో ఉత్తర చూసి గంప ఎత్తిందెవరు? మన భయం వరద. ఆ మాటకొస్తే శ్రీనాథుడి చాటువు గుర్తుకొస్తుంది, మన రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో వెలిగిన మనిషి చివరికి బొడ్డుపల్లె గుత్తకి తీసుకుంటే పంట కృష్ణ పట్టుకుపోయింది, ఏడు వందల టంకాలు ఎలా కట్టేదని అడుగుతాడు, అది చదివితే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది నాకు.

రాజోలు: పెసలూ తిలలూ పిట్టలు తినడం కూడా అందులోదే, అది వదిలేశారు.

భీమవరం: ఇద్దరూ ఆకాశమే చూస్తున్నారు. 2024 మార్చిలో ఐరేసింగ్‌లో (అదీ కారు రేసుల గేమే) వాన పెట్టాక నీళ్ళు పల్లానికి పారి నిలుస్తున్నాయి, కార్లన్నీ తోలి రబ్బరు పట్టిన లైనే తడిస్తే ఎక్కువ జారుతుంది, అందుకే లైను వదిలి బయటగా తోలతారు. చూడాల్సింది రోడ్డుని. సామెతలోనూ "ఉత్తర చూసి" అన్నాడు గానీ "వాన చూసి" అన్లేదు, ఉత్తరలో నేల ఎలా ఉందో చూసి అని నా అర్థం.

తణుకు: నేలని ఎక్కణ్ణుంచి తెచ్చారండీ అందులోకి?

అమలాపురం: ఆదివారమే రేసు. పోనీ "ఎత్తర" అనాలా, "ఎత్తరా" అని సాగదీయొచ్చా?

రాజోలు: హ్రస్వమేనండి, "ఉత్తర"కి జత "ఎత్తర", దీర్ఘం తీస్తే తూగు పోతుంది. తణుకు గారూ, పాము ఒక్క చూపులో తెలుస్తుంది, కార్తె అలా తెలీదు కదా, దానికి జవాబు చెప్పండి.